పగడానికి పల్లకీ, పాచికి బ్లేడూ

ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంటికి చుట్టాలొస్తే జరిగే తంతు ఎక్కడైనా ఒకటే. నారింజరంగు క్లౌన్ చేపను చూసి పిల్లలు "నెమో! నెమో!" అని గంతులేస్తారు. మెత్తటి పగడాలు నీటి వాలుకు ఊగుతుంటే కుర్రాళ్ళు ఫోను తీసి వీడియో పడతారు. పెద్దవాళ్ళు కరెంటు బిల్లు ఎంతొస్తుందని ఆరా తీస్తారు. చివరికి ఒక బాబాయి అద్దానికి ముక్కు ఆనించి, రాళ్ళ మీదా వెనక అద్దం మీదా పరుచుకున్న గులాబీ, ఊదా రంగుల పొరను చూసి, "ఏరా, ఇన్ని డబ్బులు పోశావు, గార పట్టిపోయిందేంటి? కడిగించకపోయావా?" అంటాడు.

బాబాయిని నేనేమీ అనను. ఆయనకెవరూ చెప్పలేదు. నా కోపమంతా చెప్పాల్సినవాళ్ళ మీద. అక్వేరియం సామాను అమ్మేవాళ్ళు, ట్యాంకులు నిర్వహించే కాంట్రాక్టర్లు, పోటీలు పెట్టి బహుమతులిచ్చేవాళ్ళు, సముద్రం గురించి పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళు, వీళ్ళలో ఒక్కరైనా ఆ పొర వైపు వేలు చూపించి "ఇదిగో, దీన్ని చూడండి" అన్న పాపాన పోలేదు.

దాని పేరు కోరలైన్ ఆల్గే. మా గన్నవరం, విజయవాడ వైపు ట్యాంకులు పెట్టేవాళ్ళు కురచగా కోరలైన్ అంటారు. ఎర్ర నాచుల వంశం. సముద్రపు నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేటునూ తీసుకుని, కొంత మెగ్నీషియం కలిపి, తన కణాల గోడల్లోనే సున్నపురాయిని పేర్చుకుంటుంది. వేలితో తాకితే గట్టి రాయి. బతికేది మాత్రం ఎండ తిని, మొక్కల పద్ధతిలో. ఈ రెండు గుణాలూ ఒక్కచోట చేరడమే దాని కొంప ముంచింది. జీవుల్ని వర్గీకరించిన లిన్నేయస్ అంతటివాడు దీని బంధువులను జంతువుల పద్దులో రాసేశాడు. 1837లో ఫిలిప్పి అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇవి వృక్షజాతివేనని తేల్చాడు. లిథోఫిల్లం, లిథోథామ్నియన్ అనే పేర్లు ఆయన పెట్టినవే.

ఇంత చిన్న పొరకు ఇంత గొడవ దేనికి అంటారా? అయితే ఫునాఫుటి కథ వినాలి. పసిఫిక్ మహాసముద్రంలో అదొక పగడపు దీవి, ఇప్పటి తువాలు దేశపు రాజధాని. పగడపు దీవులు ఎలా పుట్టాయో డార్విన్ చెప్పిన సిద్ధాంతం నిజమా కాదా తేల్చుకోవడానికి లండన్ రాయల్ సొసైటీ 1896 నుంచి 1898 దాకా అక్కడికి బృందాలను పంపి బోరు వేయించింది. మొదటి ప్రయత్నాల్లో ఇసుక, గులకలు అడ్డుపడి యంత్రాలు మొరాయించాయి. పట్టు వదలకుండా చివరికి 1,100 అడుగులు దాటించారు. పైకి తీసిన రాతి కడ్డీలను సముద్రాలు దాటించి, పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఈ దీవిని ఎవరెవరు కట్టారో లెక్క తీశారు. నివేదిక 1904లో అచ్చయింది. 1912లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌కు చెందిన మార్షల్ హోవ్ ఆ నివేదికను ముందేసుకుని ఒక వ్యాసం రాశాడు. ఫునాఫుటిని కట్టినవాళ్ళ వరసలో మొదటి పీట కోరలైన్‌ది. రెండోది హాలిమెడా అనే సున్నపు పచ్చనాచుది. మూడోది ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవులది. పగడాలు నాలుగో చోట ఉన్నాయి.

నాలుగో చోట! ఈ ముక్క బడి పుస్తకాల్లో మీరెక్కడైనా చదివారా?

ప్రపంచంలో ప్రతి పగడపు దిబ్బలోనూ ఇదే వరస అని నేను వాదించను. పగడాలదే పైచేయిగా ఉన్న దిబ్బలు బోలెడున్నాయి. కానీ చాలా రకాల పగడం కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. తుపాను వస్తే విరుగుతుంది, విరిగిన ముక్కలు అలలకు దొర్లిపోతాయి. ఆ ముక్కల మీదికి పాకి, సందుల్లోకి దూరి, ఒకదానికొకటి అతికించి బండగా మార్చేది కోరలైన్. ఇల్లు కట్టిన పేరు ఇటుక పేర్చినవాడికి వచ్చింది, మధ్యన సున్నం మెత్తినవాడు ఊరూ పేరూ లేకుండా పోయాడు. దిబ్బ అంచున, పెద్ద అలలు వచ్చి విరుచుకుపడేచోట, చాలా పగడాలు నిలవలేవు. అక్కడ ఈ పొరే గట్టుగా లేచి ఆ దెబ్బలన్నీ తాను కాస్తుంది. వెనకున్న మడుగులో పగడాలు హాయిగా పువ్వుల్లా విచ్చుకుంటాయి, ఫోటోలు వాటికి తీస్తారు.

ఇంకా ఉంది. పగడపు పిల్లలు, అంటే నీటిలో తేలే లార్వాలు, ఎక్కడపడితే అక్కడ కాపురం పెట్టవు. చాలా జాతుల లార్వాలు కోరలైన్ పొరను వెతుక్కుని మరీ దాని మీదో దాని పక్కనో దిగుతాయి. కరీబియన్ సముద్రపు పగడాల మీద డేనియల్ మోర్స్, ఐలీన్ మోర్స్ బృందం 1988లో ఈ సంగతి చూపించింది. పొరలోని రసాయనాలూ, దాని మీద బతికే బ్యాక్టీరియా విడిచే పదార్థాలూ "ఇక్కడ దిగు" అని లార్వాకు కబురు పెడతాయని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అంటే పగడానికి పురుడు పోసిందీ అదే, కింద పడకుండా పట్టుకున్నదీ అదే.

ఓర్పు సంగతి కూడా చెప్పాలి. బహామాస్ దగ్గర 1984లో జలాంతర నౌకలో దిగిన శాస్త్రజ్ఞులకు 268 మీటర్ల లోతున, వెలుతురు దాదాపు లేనిచోట, బండకు అతుక్కుని బతుకుతున్న కోరలైన్ కనిపించింది. అంత లోతుకు చేరే కొద్దిపాటి నీలికాంతిని పట్టుకునే ఎర్ర రంగు పదార్థం దాని ఒంట్లో ఉంది. ఆ రంగునే మనవాళ్ళు మరక అంటున్నారు. ఉత్తర ధ్రువం దగ్గరి చల్లటి నీళ్ళలో పెరిగే ఒక జాతి ఏటా ఒక్కో పొర చొప్పున వందల ఏళ్ళు వేసుకుంటూ పోతుంది. ఆ పొరల్ని లెక్కపెట్టి 646 ఏళ్ళ సముద్రపు మంచు చరిత్రను 2013లో ప్రచురించారు. ఢిల్లీలో తుగ్లక్‌లు ఏలుతున్న నాటి నుంచి లెక్క రాసిపెట్టిన గుమాస్తాను మనం బ్లేడు పెట్టి గోకుతున్నాం.

మన తీరంలో దీని ఉనికి గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. లక్షద్వీపాలు, మాల్దీవుల కోరలైన్ల మీద నార్వే శాస్త్రజ్ఞుడు ఫోస్లీ 1903లోనే రాశాడు. మన తెలుగువాళ్ళ సంగతికొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరపు రాళ్ళ మీద ఆటుపోట్ల మధ్య పెరిగే నాచుల్ని పట్టి పట్టి చూసి, 1964లో బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ వారి పత్రికలో వ్యాసం అచ్చు వేయించారు. ఆ రాళ్ళ మీద ఆంఫిరోవా లాంటి కణుపుల కోరలైన్లు ఇప్పటికీ ఉంటాయి. విశాఖలో బీచికి వెళ్ళినవాళ్ళు వాటి మీద కాలేసి నడిచి, జారితే తిట్టుకుని వస్తారు.

ఇక మా కృష్ణా తీరం సంగతి. మంగినపూడికి వెళ్ళి చూడండి. నల్లమట్టి, బురద నీరు. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తూ తెచ్చిన ఒండ్రంతా అక్కడే పరుస్తుంది. ఆ ఒండ్రే మాకు తిండి పెట్టింది, కాదనను. కానీ పట్టుకోవడానికి బండ, వెలుతురు దిగడానికి తేట నీరు లేనిచోట కోరలైన్ బతకదు. కాబట్టి గన్నవరంలో దాన్ని చూడాలంటే ఎవరో ఒకరు ఇంట్లో గాజు తొట్టి పెట్టి పెంచాల్సిందే. అలా పెంచడం ఎంత పనో తెలిస్తే దానికి దక్కాల్సిన మర్యాద కొంతైనా దక్కుతుందని నా ఆశ.

ముందు నీళ్ళు. బోరు నీళ్ళు పనికిరావు. ఆర్ఓ నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి సెలినిటీ 35కి తేవాలి. కూర ఉప్పు వేస్తే సోడియం వస్తుంది గానీ సముద్రం రాదు. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1,300 దరిదాపు, పీహెచ్ 8.1కి పైన, ఆల్కలినిటీ 8 నుంచి 10 డీకేహెచ్. మెగ్నీషియం తగ్గితే కాల్షియమూ కార్బొనేటూ నాచు ఒంట్లోకి చేరకముందే నీటిలో ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లగా పేరుకుపోతాయి, హీటరు మీదా మోటారు మీదా గార కడతాయి. బాబాయి అన్న గార నిజానికి అది. ఫాస్ఫేటు పెరిగితే సున్నం పేరడం మందగిస్తుంది, ఆ సందు చూసుకుని పచ్చటి జుట్టు పాచి వచ్చి కోరలైన్‌ను కమ్మేస్తుంది. మేత ఎక్కువైతే ఫాస్ఫేటు పెరుగుతుంది, అందుకే చేపలకు మేత దండిగా వేసే దయగలవాళ్ళ ట్యాంకుల్లో కోరలైన్ ఉండదు.

ఈ అంకెలు చదివి భయపడేవాళ్ళు ఉంటారు. మా వైపు రొయ్యల రైతు మాత్రం నవ్వుతాడు. కైకలూరులోనో గుడివాడలోనో చెరువు గట్టు మీద కూర్చున్న మనిషిని అడగండి. ఆల్కలినిటీ ఎంతుండాలో, కాల్షియానికి మెగ్నీషియం మూడింతలు ఎందుకుండాలో, వెనామీ రొయ్య గుల్ల వదిలిన రాత్రి మినరల్స్ ఎందుకు వేస్తారో కంఠతా చెబుతాడు. ఊరూరా నీటి పరీక్షల ల్యాబులున్న జిల్లాలివి. విదేశీ టెస్ట్ కిట్ కోసం నెలల తరబడి ఎదురుచూసే అక్వేరియం కుర్రాడు ఒక సీసాలో ట్యాంకు నీళ్ళు పట్టి ఆ ల్యాబులో ఇస్తే సరిపోతుంది. ల్యాబువాళ్ళు ఆల్కలినిటీ పీపీఎంలో ఇస్తారు. దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. రిపోర్టులో 150 అని ఉంటే 8.4 అన్నమాట, కోరలైన్‌కు భేషైన అంకె. ప్రపంచంలో సగం మంది రీఫ్ ప్రియులు తంటాలు పడి నేర్చుకునే నీటి విద్య మా డెల్టాలో పొలం గట్ల మీద ఉంది. ఆ విద్యనూ ఈ పొరనూ కలిపి చూసిన సంస్థ ఒక్కటీ నా కంటపడలేదు.

రెండో గండం వేడి. విజయవాడ ఎండాకాలం గురించి కొత్తగా చెప్పేదేముంది? కోరలైన్‌కు 25, 26 డిగ్రీలు హాయి. 30 దాటి కొన్నాళ్ళు నిలిస్తే పగడాలతో పాటు అదీ తెల్లబడడం మొదలవుతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ కొనలేనివాళ్ళు నీటి మీదికి ఫ్యాన్లు పెడతారు. వాటితో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది గానీ నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, రోజూ మంచి ఆర్ఓ నీరు పోసి సరిచెయ్యాలి. ఏసీ గదిలో పెడితే ఇంకో తమాషా. తలుపులు బిగించిన గదిలో మనుషులు విడిచిన బొగ్గుపులుసు వాయువు పోగై, నీటిలో కలిసి, పీహెచ్ కిందికి దిగుతుంది. కిటికీ తెరిస్తే వడగాడ్పు, మూస్తే పులుపు. దీనికి ఉపాయం మన ఇళ్ళలో తాంబూలం నాటి నుంచీ తెలిసిన సున్నపు తేట. ప్రపంచమంతా ఆక్వేరిస్టులు దాన్నే జర్మన్ పేరుతో వాడుతున్నారు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్ఓ నీటిలో కలిపి, తేరిన తర్వాత పైనున్న తేటను రాత్రిపూట చుక్క చుక్కగా ట్యాంకులో పడేలా చేస్తారు. చీకట్లో నాచులు ఎండ తినవు కాబట్టి పీహెచ్ పడిపోయేది ఆ వేళలోనే. తేట ఒకేసారి గుమ్మరిస్తే చేపలు చస్తాయి, అది గుర్తుంచుకోవాలి. కిళ్ళీకొట్టు సున్నం మాత్రం వద్దు, అందులో ఏం కలుస్తుందో తెలియదు.

విత్తనం ఎక్కడిది అన్నది అసలు ప్రశ్న. సముద్రంలోంచి పగడపు రాళ్ళు ఏరుకురావడం నేరం. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1వ షెడ్యూలులో చేర్చారు. మంచి పని చేశారు. కోరలైన్‌కు ఆ దొంగతనం అవసరమే లేదు. పెరిగిన ట్యాంకులో గోకిన పొడి చిటికెడు చాలు. ఆ పొడిని కొత్త ట్యాంకులో మోటారు వాలు ముందు చల్లితే తునకలూ బీజాలూ నీటిలో తిరిగి ఎక్కడో అక్కడ అంటుకుంటాయి. లేదా వీపు మీద గులాబీ మచ్చలున్న నత్తనొకదాన్ని తెచ్చి వదిలినా సరే. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ కనబడదు. ఒకనాడు మోటారు ప్లాస్టిక్ మీద చుక్కలు కనిపిస్తాయి, అవి బిళ్ళలవుతాయి, బిళ్ళలు కలిసిపోతాయి. చాలాసార్లు మొదటి చుక్కలు నీడపట్టునే వస్తాయి. ఎండలాంటి లైటు ఒక్కసారిగా పెంచితే తెల్లబడతాయి.

ఇలా వచ్చినదానికి జరిగే సన్మానం చూడండి. విజయవాడలో ఒక పెద్ద వ్యాపార సంస్థ ముందు గదిలో మెరైన్ ట్యాంకు ఉండేది. వెనక అద్దం నిండా కోరలైన్ తివాచీలా అల్లుకుంది. నేను దాన్ని చూడడానికే అటు వెళ్ళేవాణ్ణి. ఒకరోజు వెళ్ళేసరికి నిర్వహణ కుర్రాడు బ్లేడుతో చెక్కేస్తున్నాడు. "ఎందుకు బాబూ?" అంటే, "సార్లు మరకలున్నాయన్నారండి. బ్లేడుకి పోకపోతే యాసిడ్ వేస్తే పోద్ది" అన్నాడు. యాసిడ్ వేస్తే పోతుంది నిజమే, సున్నం కదా, బుసబుసా పొంగి పోతుంది. అద్దం శుభ్రంగా ఉంది, ఖాళీగా కూడా ఉంది. ఆ మూల వాళ్ళు పెట్టిన అలంకారపు రాళ్ళు ఏ రంగువో తెలుసా? ఊదా! ఫ్యాక్టరీలో కోరలైన్ రంగు పూసిన సిరామిక్ రాళ్ళు. అసలుదాన్ని కూలిచ్చి గీకించి, దాని వేషం వేసినదాన్ని డబ్బిచ్చి కొని తెచ్చుకున్నారు.

పోటీల తీరూ అంతే. చేపల రంగుకు మార్కులు, పగడాల సంఖ్యకు మార్కులు, లైట్ల జిలుగుకు మార్కులు. నేను చూసిన ఒక పోటీలో ముందు అద్దం అంచుల్లో కోరలైన్ కనబడిందని "శుభ్రత" కింద మార్కులు కోశారు. ట్యాంకులోని నీరు నెలల తరబడి నిలకడగా ఉందనడానికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం దొరకదు. డబ్బుంటే పగడాన్ని పొద్దున కొని సాయంత్రానికి ట్యాంకులో పెట్టొచ్చు. కోరలైన్ అలా రాదు. యజమాని నీటిని సక్రమంగా చూసుకున్న ఇంటికే వస్తుంది. న్యాయంగా అయితే మార్కులు అక్కడ మొదలవ్వాలి.

సముద్రాలు పులుస్తున్న కాలమిది. మనం గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి పీహెచ్‌ను తగ్గిస్తోంది. కోరలైన్ కట్టుకునేది మెగ్నీషియం ఎక్కువున్న సున్నం. సున్నాల్లో తొందరగా కరిగేది అదే. కాబట్టి ముందు దెబ్బ తగిలే వరసలో ఇది ఉంది. పగడాలు తెల్లబడితే ప్రపంచ పత్రికలు మొదటి పేజీ ఇస్తాయి, ఇవ్వాలి కూడా. కింద ఉన్న సున్నపు పొర పోతే ఆ పగడపు పిల్లలు దిగేదెక్కడ అని అడిగేవాళ్ళు తక్కువ.

నా విన్నపాలు పెద్దవేమీ కావు. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, దివిసీమలో భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉంది. అక్కడి పిల్లలకు ఒక గాజు తొట్టిలో కోరలైన్ పెంచే ప్రాక్టికల్ పెట్టండి. కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం ఎలా కలిసి పనిచేస్తాయో బోర్డు మీద నాలుగు పీరియడ్లు చెప్పేకన్నా ఆ తొట్టి బాగా చెబుతుంది. రేపు వాళ్ళు రొయ్యల చెరువు దగ్గరకు వెళ్ళినా ఆ చదువు వృథా పోదు. పోటీలు పెట్టే పెద్దలు కోరలైన్‌కు ఒక గడి కేటాయించండి. షాపులవాళ్ళు ఊదా రంగు రాళ్ళు అమ్ముకోండి, అడ్డు చెప్పను, కొనేవాడికి అసలుది ఎలా పెంచాలో ఒక్క మాట చెప్పి అమ్మండి. ఇంట్లో ట్యాంకు ఉన్నవాళ్ళు ముందు అద్దం గీకక తప్పదు, చేపలు కనబడాలి కదా. పక్క అద్దాలూ వెనక అద్దమూ వదిలెయ్యండి. గీకిన పొడిని బయట పారబోయకండి. గన్నవరంలో గానీ బెజవాడలో గానీ కొత్తగా ట్యాంకు మొదలుపెట్టినవాడు అడిగితే, అదే ట్యాంకు నీటిలో, తడి ఆరకముందే ఇవ్వండి. డబ్బు తీసుకోకండి.